రొమ్ములో గడ్డకు న్యూక్లియర్ స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా విభాగం గుమ్మం మీద 'న్యూక్లియర్ మెడిసిన్' అని బోర్డు ఉంటుంది. పక్కనే పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు. ఆ రెండూ చూసి లోపలికి రావడానికి తటపటాయించే వాళ్ళు రోజుకు ఇద్దరైనా ఉంటారు. కడప వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అయితే "ఏం నాయనా, మా తుమ్మలపల్లె యురేనియం ఇక్కడేనా ఎక్కించేది?" అని అడిగేసింది. నవ్వులాటకు కాదు, నిజంగానే భయపడింది. రొమ్ములో గడ్డ తగిలిందన్న టెన్షన్ ఒకపక్క, ఈ బోర్డు ఇంకోపక్క. అలాంటివాళ్ళూ, వాళ్ళ వెంట వచ్చిన కూతుళ్ళూ, కోడళ్ళూ, భర్తలూ అడిగే ప్రశ్నలనే ఇక్కడ రాశాను. మిమ్మల్ని స్వయంగా చూసిన డాక్టరు గారి మాటకు ఇది బదులు కాదు. వారిని ఏం అడగాలో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

గడ్డ తగిలింది. నేరుగా న్యూక్లియర్ స్కాన్‌కి వచ్చేయొచ్చా?

వద్దు. గడ్డ ఏమిటో తేల్చడానికి ఒక వరస ఉంది. ముందు డాక్టరు చేత్తో చూస్తారు. తర్వాత మామోగ్రామ్, అల్ట్రాసౌండ్. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, దీన్నే బయాప్సీ అంటారు. చేతి పరీక్ష, బొమ్మలు, ముక్క పరీక్ష, ఈ మూడింటినీ కలిపి ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు. మూడూ ఒకే మాట చెబితే పొరపాటుకు తావు చాలా తక్కువ. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళకూ, గర్భిణులకూ సాధారణంగా అల్ట్రాసౌండ్‌తోనే మొదలుపెడతారు.

చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావు. నీటి తిత్తులు, ఫైబ్రోఅడినోమాలు, పాలిచ్చే తల్లులకైతే పాలగడ్డలు. కానీ ఏది ఏదో బయటినుంచి తడిమి చెప్పలేం. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సర్‌దే మొదటి స్థానం. 2022లో దాదాపు 1.9 లక్షల కొత్త కేసులని అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ సుమారు పదేళ్ళు ముందుగానే కనిపిస్తోంది కూడా. "నాకింకా నలభై రెండేగా" అని ఊరుకోవడానికి లేదు.

అయితే ఈ స్కాన్ ఎవరికి రాస్తారు?

మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేశాక కూడా చిక్కు విడని వాళ్ళకి. రొమ్ము బాగా దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో ఏమీ సరిగ్గా కనిపించని వాళ్ళు, పాత ఆపరేషన్ మచ్చ వల్లో సిలికాన్ ఇంప్లాంట్ వల్లో బొమ్మ అర్థం కాని వాళ్ళు, చేతికి తగులుతున్నా ఫిల్ములో దొరకని గడ్డ ఉన్నవాళ్ళు. ఒకచోట కాన్సర్ అని తేలాక అదే రొమ్ములో ఇంకెక్కడైనా, రెండో రొమ్ములో ఏమైనా ఉందేమో చూడటానికి కూడా వాడతారు.

ఇలాంటి చిక్కులకు చాలా ఆసుపత్రుల్లో మొదట గుర్తొచ్చేది ఎమ్మారై. అది సరైనదే. చిన్న గడ్డల్ని పట్టడంలో ఎమ్మారైదే పైచేయి, పైగా రేడియేషన్ ఉండదు. అయితే కొన్ని రకాల పేస్‌మేకర్లు ఉన్నవాళ్ళకి, కిడ్నీలు బాగా దెబ్బతిని, బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే గాడోలినియం మందు ఇవ్వలేని వాళ్ళకి, ఆ గొట్టంలోకి వెళ్తే ఊపిరాడనట్టు అనిపించే వాళ్ళకి ఎమ్మారై కుదరదు. అప్పుడు మా దగ్గరికి పంపుతారు. ఒక్కమాటలో చెప్పాలంటే మాది రెండో వరస పరీక్ష. మా విభాగం వాళ్ళం ఈ మాట చెప్పుకోవడానికి కొంచెం మొహమాటపడతాం గానీ నిజం అదే.

మామోగ్రామ్ ఉండగా ఇదెందుకు? రెంటికీ తేడా ఏమిటి?

మామోగ్రామ్ ఎక్స్‌రే. లోపల ఏ ఆకారం ఉందో చూపిస్తుంది. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా, గ్రంథుల కండ తెల్లగా పడుతుంది. కాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ములో గడ్డ ఇట్టే దొరుకుతుంది. వయసులో ఉన్నవాళ్ళ దట్టమైన రొమ్ములో మాత్రం పొగమంచులో తెల్లకొంగను వెతికినట్టే.

న్యూక్లియర్ స్కాన్ ఆకారం జోలికి పోదు. కణాలు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో చూస్తుంది. సెస్టమిబి అనే మందుకు టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి చేతి నరంలోకి ఎక్కిస్తాం. సెస్టమిబికి ధనావేశం ఉంటుంది, కొవ్వు పొరల్లోంచి సులువుగా దూరిపోతుంది. ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఉంటాయి కదా, వాటి లోపల ఋణావేశం. అందుకని మందు అక్కడికి చేరి ఆగిపోతుంది. కాన్సర్ కణాలకు రక్తం ఎక్కువ అందుతుంది, వాటిలో మైటోకాండ్రియాల పని కూడా జోరుగా ఉంటుంది. పక్కనున్న మామూలు కండ కంటే అవి ఎక్కువ మందు పట్టుకుంటాయి. అక్కడినుంచి వచ్చే గామా కిరణాల్ని కెమెరా అందుకుని చుక్కగా చూపిస్తుంది. పొగమంచు ఎంత దట్టంగా ఉన్నా లోపల వెలిగే లాంతరు కనిపిస్తుంది, అలాగన్నమాట.

ఈ మందు పుట్టింది రొమ్ము కోసం కాదు. గుండెకు రక్తం సరిగ్గా అందుతోందా లేదా చూడటానికి. అమెరికాలో 1990లో గుండె స్కాన్లకు అనుమతి వచ్చింది. అలా తీసిన స్కాన్లలో కొందరికి రొమ్ములోని కణితి కూడా వెలిగి కనిపించేది. తర్వాత రొమ్ము పరీక్ష కోసం 1997లో విడిగా అనుమతి ఇచ్చారు. ఇప్పటికీ గుండె స్కాన్‌కి వచ్చిన ఆవిడకి రొమ్ములో చుక్క కనిపిస్తే మేం రిపోర్టులో తప్పనిసరిగా రాస్తాం. మీ రిపోర్టులో అలాంటి వాక్యం ఉంటే గుండె బాగుందన్న సంతోషంలో దాన్ని దాటేయకండి.

ఆ రేడియోధార్మిక పదార్థం ఎక్కడినుంచి వస్తుంది? ఆసుపత్రిలో నిల్వ పెడతారా?

నిల్వ పెట్టడం కుదరదు. టెక్నీషియం-99ఎం ఆరు గంటల్లో సగమైపోతుంది. పొద్దున తెచ్చి పెట్టుకుంటే రాత్రికి పావు వంతే మిగులుతుంది. అందుకని దాని తల్లి పదార్థమైన మాలిబ్డినం-99ని సీసపు డబ్బాలో తెప్పించుకుంటాం. అది 66 గంటలకు సగమవుతుంది, అంటే వారం రోజులు నెట్టుకు రావచ్చు. తల్లిలోంచి టెక్నీషియం పుడుతూ ఉంటుంది. రోజూ పొద్దున ఉప్పునీళ్ళు పంపించి దాన్ని బయటికి తీసుకుంటాం. ఈ డబ్బాను ప్రపంచమంతా ముద్దుగా 'ఆవు' అంటారు, తీయడాన్ని 'పాలు పితకడం' అంటారు. మేమూ అలాగే అంటాం. వారాంతానికి ఆవు వట్టిపోతుంది. మన దేశంలో ఇలాంటి జనరేటర్లనూ, అందులో కలిపే మందు కిట్లనూ అణుశక్తి విభాగం కింద ఉన్న బ్రిట్ అనే సంస్థ నవీ ముంబైలోని వాషి నుంచి సరఫరా చేస్తుంది.

మాలిబ్డినం తయారయ్యేది కొద్దిపాటి రియాక్టర్లలోనే. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు ఏడాదికి పైగా మూతపడితే ప్రపంచంలో చాలా దేశాల ఆసుపత్రులు స్కాన్లు వాయిదా వేసుకున్నాయి. మీకిచ్చిన తేదీని "మందు రాలేదమ్మా, రెండ్రోజులాగండి" అని మార్చితే మా మీద కోప్పడకండి. ఎక్కడో విమానం ఆలస్యమై ఉంటుంది.

సింటిమామోగ్రఫీ, బీఎస్‌జీఐ, ఎంబీఐ... ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. ఏది మంచిది?

మందు ఒకటే, కెమెరాలే వేరు. సింటిమామోగ్రఫీ అంటే గుండెకూ ఎముకలకూ వాడే మామూలు పెద్ద గామా కెమెరాతో తీసేది. మధ్యలో ఖాళీ ఉన్న బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, రొమ్ము కిందికి వేలాడేలా ఉంచి పక్కనుంచి తీస్తారు. కెమెరా కాస్త దూరంగా ఉంటుంది కాబట్టి సెంటీమీటరు కంటే చిన్న గడ్డలు చాలావరకు తప్పిపోతాయి. బీఎస్‌జీఐ (బ్రెస్ట్ స్పెసిఫిక్ గామా ఇమేజింగ్)లో రొమ్ముకు సరిపోయే చిన్న కెమెరా ఉంటుంది, దగ్గరగా ఆనించి తీస్తారు. ఎంబీఐ (మాలిక్యులర్ బ్రెస్ట్ ఇమేజింగ్) ఇంకా కొత్తది. రెండు డిటెక్టర్ల మధ్య రొమ్మును మెల్లగా పట్టి ఉంచి రెండు వైపుల నుంచీ తీస్తుంది, మందు కూడా తక్కువ మోతాదు చాలు. సెంటీమీటరు లోపు గడ్డల్నీ పట్టగలదు.

ఎంబీఐ మీద పెద్ద కృషి చేసింది అమెరికాలోని మేయో క్లినిక్. వాళ్ళు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ లక్షణాలూ లేని, దట్టమైన రొమ్ములున్న 1,585 మంది ఆడవాళ్ళకు మామోగ్రామ్, ఎంబీఐ రెండూ చేశారు. మామోగ్రామ్ ఒక్కటే వెయ్యి మందిలో 3.2 కాన్సర్లను పట్టింది. ఎంబీఐ కూడా కలిపితే 12 దొరికాయి. లెక్క బాగుంది. అయితే అది అక్కడి ప్రత్యేక యంత్రంతో వచ్చిన లెక్క. మన దగ్గర అలాంటి రొమ్ము కెమెరాలు అరుదు, చాలా చోట్ల దొరికేది మామూలు గామా కెమెరానే. ఇంటర్నెట్‌లో ఎంబీఐ గురించి చదివి, ఇక్కడ పాత పద్ధతిలో స్కాన్ తీయించుకుని, అదే నమ్మకం దీని మీదా పెట్టకూడదు. "మీ దగ్గరున్నది ఏ కెమెరా?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

స్కాన్‌లో ఏమీ లేదని వచ్చింది. ఇంక ముక్క పరీక్ష అక్కర్లేదు కదా?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాననుకోండి.

అనుమానపు గడ్డ ఉన్నప్పుడు న్యూక్లియర్ స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన బయాప్సీ మానకూడదు. ఎందుకంటే స్కాన్‌కు కనిపించని కాన్సర్లు ఉన్నాయి. చిన్నవి, ఛాతీ గోడకు ఆనుకుని లోతుగా ఉన్నవి, పాలనాళాల్లోనే ఉండి మెల్లగా పెరిగే తొలిదశ కాన్సర్లు. కొన్ని కాన్సర్ కణాల గోడల్లో మందును వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోడేసే పంపులు కూడా ఉంటాయి. అక్కడ గడ్డ ఉంటుంది, వెలుగు ఉండదు.

మామోగ్రామ్ రిపోర్టు చివర బైరాడ్స్ అని, అనుమానం ఎంత ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది, చూడండి. 3 అంటే కాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపు, కొన్ని నెలలకోసారి చూస్తూ ఉండొచ్చు. 4 అంటే 2 నుంచి 95 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అందుకే దాన్ని మళ్ళీ ఏ, బీ, సీ అని విడగొడతారు. 5 అంటే 95 శాతం, ఆ పైన. 4, 5 వచ్చినవాళ్ళకు తర్వాతి మెట్టు బయాప్సీ, మధ్యలో ఇంకో స్కాన్ కాదు. 4 వచ్చిన ఫైలు చంకలో పెట్టుకుని "సూది లేకుండా తేల్చే స్కాన్ మీ దగ్గర ఉందట కదా" అని వచ్చేవాళ్ళు ఉన్నారు. వెనక్కి పంపితే ఇంకో ఊళ్ళో ఇంకో స్కాన్ తీయించుకుంటారు. ఈలోపు రెండు మూడు నెలలు గడిచిపోతాయి. డబ్బు పోయినా సంపాదించుకోవచ్చు, ఆ నెలలు తిరిగి రావు.

ఏ స్కానూ, ఎంత ఖరీదైనదైనా, కాన్సర్ అని ఖాయం చేయలేదు. ముక్కను మైక్రోస్కోపు కింద చూసిన పెథాలజిస్టు మాటే ఆఖరి మాట. పైగా కాన్సర్ కణాల మీద హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు ఉన్నాయా, కణాల పెరుగుదలను తొందరపెట్టే హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అన్నది కూడా ఆ ముక్కలోంచే తెలుస్తుంది. ఏ మందులు ఇవ్వాలో నిర్ణయించేది అదే.

సూది గుచ్చితే గడ్డ కదిలి ఒళ్ళంతా పాకుతుందంటారు?

అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్ళూ అన్నారు. నిజం కాదు. బయాప్సీ వల్ల కాన్సర్ ముదిరి ప్రాణం మీదికి రావడం అనేది లేదు. సూది పరీక్షలు దశాబ్దాలుగా ప్రపంచమంతా చేస్తున్నారు. కోర్ బయాప్సీకి మత్తు ఇంజెక్షన్ చేసి చేస్తారు, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. రెండ్రోజులు కమిలినట్టు ఉంటుంది. గడ్డను చూపించకుండా ఆకులు కట్టి, పసర్లు పూసి ఆలస్యం చేస్తేనే పాకుతుంది. చివరికి ఆసుపత్రికి వచ్చి బయాప్సీ చేయించుకున్నాక "అదిగో సూది గుచ్చారు, ముదిరింది" అంటారు.

చుక్క వెలిగింది అంటే కాన్సరేనా?

కాకపోవచ్చు. కణాలు ఎక్కువగా ఉన్న ఫైబ్రోఅడినోమా వెలుగుతుంది. వాపు, చీము, నెలసరికి ముందు గట్టిపడే కండ, పాలనాళంలో పులిపిరిలా పెరిగే పాపిల్లోమా, ఈమధ్యే చేసిన బయాప్సీ గాయం, ఇవన్నీ ఎంతోకొంత మందు పట్టుకుంటాయి. బయాప్సీ అయ్యాక ఈ స్కాన్ చేయాలంటే సాధారణంగా కొన్ని వారాలు ఆగమనేది అందుకే. రొమ్మంతా మసకగా వెలగడం వేరు, ఒకేచోట గట్టి చుక్క పడటం వేరు. రెండోదాన్నే రిపోర్టులో 'ఫోకల్ అప్‌టేక్' అంటారు. ఆ మాట ఉంటే డాక్టరు అదే చోట మళ్ళీ అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు, దొరికితే అక్కడినుంచే ముక్క తీస్తారు.

ఇవన్నీ ఎందుకు, ఒకేసారి పెట్ సీటీ తీయించేస్తే తలనుంచి కాలిదాకా తెలిసిపోతుందిగా?

ఎక్కువగా డబ్బున్న పిల్లలు అమ్మానాన్నల కోసం అడిగే ప్రశ్న ఇది. ముఖ్యంగా విదేశాల నుంచి ఫోన్ చేసి. ప్రేమతోనే అడుగుతారు, కాదనను.

పెట్ సీటీలో చక్కెర లాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి ఎక్కిస్తారు. ఎఫ్‌డీజీ అంటారు. చక్కెరను ఎక్కువగా తినే కణాలు వెలుగుతాయి. కాన్సర్ కణాలు తింటాయి, నిజమే. కానీ చిన్న గడ్డలు, మెల్లగా పెరిగే రకాలు, పాలు తయారయ్యే గ్రంథుల్లో మొదలయ్యే లోబ్యులర్ అనే రకం కాన్సర్ ఇందులో తరచుగా తప్పిపోతాయి. ఇంకోవైపు కాన్సర్ కానివి వెలుగుతాయి. మన ప్రాంతంలో దీనికి పెద్ద ఉదాహరణ టీబీ. ఎప్పుడో సోకి, ఇంకా పూర్తిగా చల్లారని టీబీ గ్రంథులు మెడలోనో, చంకలోనో, ఛాతీలోనో నిప్పుకణికల్లా వెలుగుతాయి. ఈమధ్యే చేతికి టీకా వేయించుకున్నా అటువైపు చంక గ్రంథులు వెలగొచ్చు. ఇక ఆ ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతుందా?

అందుకే గడ్డ ఏమిటో తేల్చడానికి పెట్ సీటీ వాడరు. తొలిదశలో ఉండి, వేరే బాధలేవీ లేనివాళ్ళకు కాన్సర్ అని తేలాక కూడా అక్కర్లేదనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది ఉపయోగపడేది ముదిరిన దశలో. గడ్డ పెద్దదైనప్పుడు, చంక గ్రంథులకు గట్టిగా పాకినప్పుడు, రొమ్ము ఎర్రబడి వాచే ఇన్‌ఫ్లమేటరీ రకంలో, చికిత్స అయ్యాక తిరగబెట్టిందన్న అనుమానం వచ్చినప్పుడు. అక్కడ దాని విలువ చాలా గొప్పది. కాలేయంలోనో ఎముకలోనో ఎవరూ ఊహించని చోట పాకినది దొరికితే చికిత్స తీరే మారిపోతుంది.

ఈమధ్య వచ్చిన ఇంకో రకం ఎఫ్‌ఈఎస్ పెట్. ఇందులో చక్కెర బదులు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ లాంటి పదార్థం వాడతారు. ఈస్ట్రోజన్ రిసెప్టర్లున్న కాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో చూపిస్తుంది. అమెరికాలో 2020లో అనుమతి పొందింది. ఇదీ గడ్డను తేల్చడానికి కాదు, తేలిన తర్వాతే.

షుగర్ ఉంది. పెట్ సీటీ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కానీ రక్తంలో చక్కెర 200 లోపు ఉండాలి. ఎక్కువుంటే ఆ చక్కెర, మా చక్కెర పోటీపడి బొమ్మ పాడవుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి, నీళ్ళు తాగొచ్చు. పరగడుపు కదా అని ఇన్సులిన్, మాత్రలు మీ అంతట మీరే మానేయడం గానీ, వేసేసుకుని రావడం గానీ చేయొద్దు. ముందురోజే ఫోన్ చేసి అడగండి. "ఒక్క కాఫీయేగా" అని తాగి వచ్చేవాళ్ళు వారానికొకరు ఉంటారు. ఆ కాఫీలో చక్కెర ఉంటుంది.

సెస్టమిబి స్కాన్‌కు షుగర్‌తో ఇబ్బంది లేదు. కొన్నిచోట్ల మూడు గంటలు తినొద్దంటారు, అంతే.

రేడియేషన్ ఎంత? 'కరెంటు పెట్టడం' అంటే ఇదేనా?

కాదు. మనవాళ్ళు కరెంటు పెట్టడం అనేది రేడియోథెరపీని. అది చికిత్స, కణాల్ని చంపడానికి ఇచ్చేది. స్కాన్‌లో ఇచ్చేదానికీ దానికీ వేల రెట్లు తేడా. స్కాన్ వల్ల జుట్టు ఊడదు, వాంతులు కావు, చర్మం నల్లబడదు.

అంకెలు కావాలంటే చెబుతాను. ఒంటికి అందే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ప్రకృతిలోంచే, అంటే నేల, గాలి, ఆకాశం, తినే తిండిలోంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ అందుతూనే ఉంటుంది. విశాఖ పక్కన భీమిలి ఇసుకలో కూడా థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం ఉంది, అయినా అక్కడికి షికారుకు వెళ్ళడం ఎవరూ మానలేదు. మామోగ్రామ్‌కు అర మిల్లీసీవర్ట్ లోపే. తక్కువ మోతాదు ఎంబీఐకి రెండు, రెండున్నర. మామూలు గామా కెమెరాతో పాత మోతాదులో చేస్తే ఆరు, ఆ పైన. పెట్ సీటీకి సీటీ ఎలా తీశారన్నదాన్ని బట్టి పది నుంచి పాతిక దాకా. అల్ట్రాసౌండ్, ఎమ్మారైలకు సున్నా.

ఇంకో తేడా ఉంది. మామోగ్రామ్ రేడియేషన్ రొమ్ముకే పరిమితం. మా మందు నరంలోకి వెళ్తుంది కాబట్టి ఒళ్ళంతా తిరుగుతుంది, పిత్తంతో పేగుల్లోకి, కొంత మూత్రంలోకి పోతుంది. ఎక్కువ మోతాదు పడేది పెద్దపేగుకు. అందుకే ఏ బాధా లేనివాళ్ళకి "ఏటా ఒకసారి చూసేద్దాం" అని దీన్ని వాడేముందు డాక్టర్లు ఆలోచిస్తారు. అనుమానపు గడ్డ ఉండి, మిగతా పరీక్షల్లో తేలనప్పుడు ఈ కాస్త రేడియేషన్‌కు భయపడి ఆగడం మాత్రం తెలివైన పని కాదు.

స్కాన్ రోజు ఏం జరుగుతుంది?

నెలసరి వచ్చేవాళ్ళయితే మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య తేదీ ఇస్తాం. ఆ రోజుల్లో మామూలు కండ మందును తక్కువ పట్టుకుంటుంది, బొమ్మ శుభ్రంగా వస్తుంది. గడ్డ చూస్తే భయంగానే ఉన్నప్పుడు తేదీ కోసం ఆగరు, వెంటనే చేసేస్తారు.

నడుము పైన బట్టలు తీసి గౌను వేసుకోవాలి. ఇంజెక్షన్ గడ్డ లేనివైపు చేతికి ఇస్తాం. గడ్డ ఉన్నవైపు ఇస్తే, మందు ఒక చుక్క నరం బయట పడినా చంక గ్రంథులు వెలిగి లేనిపోని అనుమానం తెస్తాయి. రెండువైపులా అనుమానం ఉంటే కాలి నరానికి ఇస్తాం. ఇంజెక్షన్ వెళ్ళగానే కొందరికి నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి తగులుతుంది, క్షణాల్లో పోతుంది. ఐదు పది నిమిషాల్లో ఫొటోలు మొదలవుతాయి. ఒక్కో రొమ్ముకు రెండు కోణాలు, ఒక్కో కోణానికి సుమారు పది నిమిషాలు. మొత్తం నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి. మామోగ్రామ్‌లా గట్టిగా నొక్కరు, కదలకుండా పట్టి ఉంచుతారంతే. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందే చెబితే కుర్చీ వెనక దిండు పెడతాం. లేడీ టెక్నీషియన్ కావాలంటే అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి.

పాత మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ ఫిల్ములు, రిపోర్టులు తప్పకుండా తేవాలి. అవి లేకుండా మా బొమ్మ ఒంటరిగా పెద్దగా ఏమీ చెప్పదు.

పుస్తెలతాడు తీయాలా?

ఛాతీ మీద ఏ లోహమున్నా గామా కిరణాల్ని అడ్డుకుని బొమ్మలో నీడ పడుతుంది. తీయడం ఇష్టం లేకపోతే వీపు వెనక్కి వేసుకోమంటాం, బోర్లా పడుకునే స్కాన్‌లో చాలాసార్లు అది సరిపోతుంది. కొందరు ఇంటి దగ్గరే పసుపు తాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వస్తారు. అన్నిటికంటే అది సుఖం, మాకూ మీకూ.

కడుపుతో ఉన్నాను. లేదా పాలిస్తున్నాను. ఎలా?

గర్భం అనుమానం ఏమాత్రం ఉన్నా ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి. గర్భిణులకు ఈ స్కాన్ చేయరు, అల్ట్రాసౌండ్, బయాప్సీతోనే తేలుస్తారు. గర్భంతో ఉన్నా బయాప్సీ సురక్షితమే. పాలిచ్చే తల్లులైతే ముందే చెబితే ఎన్ని గంటలు పాలు ఆపాలో, బిడ్డను ఎంతసేపు ఎత్తుకోకుండా ఉండాలో మా డాక్టరు రాసిస్తారు. ఇంజెక్షన్‌కు ముందు పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బిడ్డ ఏడవదు. పాలిచ్చే రోజుల్లో రొమ్ము మొత్తం మందు పట్టుకుంటుంది కాబట్టి బొమ్మ కూడా అంత స్పష్టంగా రాదు.

ఆపరేషన్ రోజు పొద్దున న్యూక్లియర్ మెడిసిన్‌కి వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకు రమ్మన్నారు. కాన్సర్ అని తేలాక మళ్ళీ స్కాన్ ఎందుకు?

అది వేరే పని. నన్నడిగితే రొమ్ము కాన్సర్‌లో మా విభాగం చేసే అత్యుత్తమమైన పని అదే. కాన్సర్ రొమ్ములోంచి పాకేటప్పుడు ముందు చంకలోని ఒకటి రెండు గ్రంథుల్లోకి వెళ్తుంది. వాటిని సెంటినెల్ గ్రంథులంటారు, ఊరి పొలిమేరలో కాపలా ఉండే వాళ్ళలాంటివి. చనుమొన చుట్టూ ఉన్న నల్లభాగం దగ్గర టెక్నీషియం కలిపిన కొల్లాయిడ్ (సన్నటి రేణువులున్న మందు) ఇంజెక్షన్ ఇస్తాం. ఈ ఇంజెక్షన్ మాత్రం కొంచెం మండుతుంది, దాచడం ఎందుకు. అది లింఫ్ అనే ఒంట్లోని ద్రవం పారే దారి వెంట నడిచి ఆ గ్రంథి దగ్గర ఆగుతుంది. ఆపరేషన్ గదిలో సర్జను పెన్నులాంటి గామా ప్రోబ్‌ను చంకమీద కదిపితే ఆ గ్రంథి దగ్గర బీప్ బీప్ అంటుంది. ఆ ఒకటి రెండు తీసి చూస్తారు. వాటిలో కాన్సర్ లేకపోతే మిగతా గ్రంథుల్ని ముట్టుకోరు.

ఈ పద్ధతి 1990ల్లో వచ్చింది. అంతకుముందు అందరికీ చంక మొత్తం శుభ్రం చేసేవాళ్ళు. చాలామందికి ఆ చెయ్యి జీవితాంతం వాచి ఉండేది, బిందె ఎత్తలేరు, గాజులు ఎక్కవు. సెంటినెల్ పద్ధతితో ఆ బాధ చాలా తగ్గింది. కొందరు సర్జన్లు నీలిరంగు మందు కూడా ఇస్తారు. మర్నాడు మూత్రం నీలంగానో ఆకుపచ్చగానో వస్తే కంగారుపడకండి.

ఎముకల స్కాన్‌లో మోకాళ్ళు వెలిగాయి. పాకిందా?

కాన్సర్ ఎముకలకు పాకిందేమో చూడటానికి తీసే ఎముకల స్కాన్‌లో అరిగిన కీళ్ళు, పాత దెబ్బలు, పన్ను పుచ్చిన దవడ కూడా వెలుగుతాయి. యాభై దాటిన మోకాళ్ళు వెలగకపోతేనే మాకు ఆశ్చర్యం. వెన్నెముకలోనో పక్కటెముకల్లోనో అక్కడక్కడ చెదురుగా చుక్కలు పడితే అప్పుడు ఎక్స్‌రేనో సీటీనో తీసి తేలుస్తారు.

మగవాళ్ళకు కూడా రొమ్ము గడ్డ వస్తుందా?

వస్తుంది. ఎక్కువమందికి అది గైనకోమాస్టియా, అంటే గ్రంథుల కండ పెరగడం మాత్రమే. కానీ మొత్తం రొమ్ము కాన్సర్లలో సుమారు 1 శాతం మగవాళ్ళవే. పరీక్షల వరస ఆడవాళ్ళకు చెప్పినదే.

ఎక్కడ చేస్తారు? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. పెద్ద నగరాల్లోని ప్రైవేటు కాన్సర్ ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. ఏ విభాగమైనా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతితోనే నడవాలి, ఆ పత్రం గోడకు కట్టి ఉందేమో చూడొచ్చు. ఆరోగ్యశ్రీలో ఏ పరీక్షకు, ఏ దశలో అనుమతి ఇస్తారన్నది డబ్బు కట్టేముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. కట్టేశాక అడిగితే తిరిగి ఇప్పించడం ఎవరి వల్లా కాదు.

స్కాన్ అయింది. ఇంట్లో మనవరాలుంది, వచ్చేవారం అమెరికా ప్రయాణం కూడా ఉంది. ఏం జాగ్రత్తలు?

ఇరవై నాలుగు గంటలకు టెక్నీషియంలో పదహారో వంతే మిగులుతుంది, అందులోనూ కొంత మూత్రంలో, మలంలో పోతుంది. ఆ రోజు నీళ్ళు ఎక్కువగా తాగండి, మరుగుదొడ్డికి వెళ్ళాక చేతులు శుభ్రంగా కడుక్కోండి. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోవడం ఆ ఒక్కరోజు మానండి. వంట చేయొచ్చు, అందరితో కలిసి తినొచ్చు, వేరే గదిలో పడుకోనక్కర్లేదు.

ఎయిర్‌పోర్టుల్లో, ముఖ్యంగా అమెరికాలో, రేడియేషన్‌ను పసిగట్టే యంత్రాలుంటాయి. అవి చాలా సున్నితం, స్కాన్ అయిన రెండు మూడు రోజుల దాకా కూయొచ్చు. వారం తర్వాతైతే ఫరవాలేదు. అంతకుముందే బయల్దేరాల్సి వస్తే ఏ మందు, ఎప్పుడు, ఎంత ఇచ్చామో లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాసిమ్మని మా కౌంటర్లో అడగండి, ఐదు నిమిషాల పని. ఆ కాగితం చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.